వెయిటింగ్ అని రాసిన రెండు రోజులు

"పదకొండుసార్లు," అన్నాడు మా ఆయన, వంటింటి గుమ్మానికి ఆనుకుని. "పొయ్యి దగ్గర్నుంచి ఫ్రిజ్ దగ్గరికి, మళ్ళీ పొయ్యి దగ్గరికి. పావుగంటలో పదకొండుసార్లు. మా గోడౌన్‌లో ఎవడైనా ఇలా తిరిగితే ఊరుకుంటానా?"

ఆయన చేతిలో తాగేసిన టీకప్పు ఉంది. మా ఫ్రిజ్ వంటింట్లో ఉండదు, భోజనాల గదిలో ఉంటుంది. ఇల్లు మారిన రోజున అక్కడైతే చల్లనీళ్ళు అందుబాటులో ఉంటాయని ఆయనే అక్కడ పెట్టించాడు. నీళ్ళు ఆయనకు అందుబాటులో ఉన్నాయి. కూరగాయలు నాకు గుమ్మం అవతల ఉన్నాయి.

"అందులో నాలుగు మిమ్మల్ని తప్పుకుని వెళ్ళినవి," అన్నాను. "గుమ్మం వదిలితే ఏడే."

నేను సరదాకి అన్నాననుకుని నవ్వాడు. కప్పు గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళిపోయాడు. సింకు ఆ గట్టుకి జానెడు దూరంలో ఉంది.

తప్పు నాదే. మా ఆఫీసుకి ఒక కోచ్ వస్తున్నాడని, లీన్ అనే పద్ధతి నేర్పుతున్నాడని భోజనాల దగ్గర నేనే చెప్పాను. కార్ల ఫ్యాక్టరీల్లో పుట్టిన పద్ధతి, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకూ తెచ్చారు అన్నాను. మా ఆయన ఒక పెద్ద గోడౌన్‌కి మేనేజరు. లీన్ అన్న మాట వినగానే చెంచా పక్కన పెట్టేశాడు. "అది మేం పదేళ్ళనుంచి చేస్తున్నదే. వృథా పసిగట్టడానికి కన్ను కావాలి, అది అందరికీ ఉండదు," అన్నాడు. అంతే, మర్నాటి నుంచి ఆ కన్ను నా మీద పడింది. నేను వారానికి రెండుసార్లు కూరగాయలు తేవడం వృథా. రెండు చేతులతో తీయాల్సిన డబ్బా పై అరలో పెట్టడం వృథా. బట్టలు మడతపెడుతూ ఫోన్లో మా చెల్లెలితో మాట్లాడితే, ఏ పనీ పూర్తి మనసుతో చేయవు అన్నాడు. ఆయన ఏ పనీ చేయకుండా పూర్తి మనసుతో చూస్తున్నాడు కాబట్టి ఆయన పద్ధతిలో వృథా లేదు.

అయినా నాకు ఆ పద్ధతి మీద కోపం రాలేదు. పైగా నచ్చింది. కోచ్ నెమ్మదస్తుడు, ముప్పై ఐదేళ్ళుంటాయేమో, ఎవరు మాట్లాడుతున్నా చివరిదాకా వింటాడు. మొదటిరోజు ఆయన చెప్పినవి నేను ఇంటికొస్తూ బస్సులో నెమరువేసుకున్నాను. వాడేవాళ్ళకు పనికొచ్చేది పని, పనికిరానిది వృథా. సగం చేసి వదిలేసింది వృథా. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారేటప్పుడు మధ్యలో జారిపోయే సంగతులు వృథా. ఊరికే ఎదురుచూడటం అన్నిటికంటే పెద్ద వృథా. ప్రతి పనీ ఒక కార్డు మీద రాసి గోడకు అంటించాలి, ఒక మనిషి చేతిలో ఒకేసారి రెండు కార్డులకు మించి ఉండకూడదు, అంతకు మించితే ఏదీ సరిగ్గా పూర్తి కాదు అని ఆయన అన్నప్పుడైతే నాకు కళ్ళు చెమర్చాయి. రెండు. ఆ పొద్దున ఏడింటికి నా చేతిలో అత్తగారి మోకాలి మాత్రలు, అమ్మాయి పోగొట్టుకున్న కాలేజీ గుర్తింపు కార్డు, పాడైన గీజరు, మెకానిక్‌కి మూడోసారి చేయాల్సిన ఫోను, ఆదివారం వస్తానన్న మా ఆడపడుచు, ఇస్త్రీకి వెళ్ళి తిరిగిరాని చొక్కా, అడుగంటిన పంచదార డబ్బా ఉన్నాయి. నలభై ఆరేళ్ళు వచ్చాక ఒక మనిషి నా ఎదుట నిలబడి, రెండు చాలమ్మా అన్నట్టుగా ఉంది.

మేం తయారుచేసేది ఆసుపత్రుల్లో మందుల సీసాలకు అంటించే లేబుళ్ళ సాఫ్ట్‌వేర్. డాక్టరు రాసింది కంప్యూటర్లోకి వెళితే రోగి పేరు, మందు పేరు, ఎంత, ఎన్నిసార్లు, తినకముందా తిన్నాకా, అన్నీ ఒక చిన్న చీటీ మీద అచ్చయి బయటికొస్తాయి. పద్నాలుగు ఆసుపత్రులు వాడుతున్నాయి. నెలకోసారి కొత్త మార్పులు కలిపి వాళ్ళకు పంపిస్తాం, దాన్నే రిలీజ్ అంటాం. నేను టెస్టింగ్‌లో ఉన్నాను. అంటే మిగతావాళ్ళు రాసినదాంట్లో తప్పులు వెతుకుతాను. ఇది మెప్పు తెచ్చే పని కాదు. తప్పు దొరికితే నేను అడ్డుపడ్డట్టు, దొరక్కపోతే నేను దేనికన్నట్టు.

కోచ్ వచ్చిన నాలుగో వారంలో మమ్మల్ని గోడ దగ్గర నిలబెట్టాడు. ఒక మార్పు అడిగిన రోజు నుంచి అది ఆసుపత్రికి చేరేదాకా ఏమేం జరుగుతుందో వరసగా గీయమన్నాడు. పని జరిగిన సమయం పచ్చ పెన్నుతో, ఏమీ జరగని సమయం ఎర్ర పెన్నుతో. గోడ మీద కార్డు లేని పని లెక్కలోకి రాదు, అది మొదటి నియమం. గీస్తూ గీస్తూ వచ్చాం. ప్రోగ్రామ్ రాయడం మూడు రోజులు, పచ్చ. కంప్యూటరే తనంతట తాను నడిపే టెస్టులు నలభై నిమిషాలు, పచ్చ. ఆ తర్వాత రిలీజ్ దాకా రెండు రోజులు.

"ఈ రెండు రోజుల్లో ఏం జరుగుతుంది?" అని అడిగాడు కోచ్.

ఏమీ జరగదని, ఎందుకైనా మంచిదని ఉంచుకున్నామని చెప్పాడు మా టీమ్ లీడ్. ఇతను నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. నన్ను మేడమ్ అంటాడు. కొత్తవాళ్ళకు పరిచయం చేసేటప్పుడు మా టీమ్‌కి అమ్మలాంటివారు అంటాడు. ఆ మాట వెనకాలే ఎప్పుడూ ఏదో ఒక పని వస్తుంది.

"ఆ రెండు రోజులూ నేను ఆసుపత్రులకు ఫోన్లు చేస్తాను," అన్నాను. "ట్రయల్ కాపీ ముందే పంపించి, వాళ్ళ ప్రింటర్ మీద నాలుగు లేబుళ్ళు తీయమని, తీసింది చదివి వినిపించమని అడుగుతాను."

"అది ప్రాసెస్ కాదు మేడమ్," అన్నాడు లీడ్ నవ్వుతూ. "అది మీ మంచితనం."

అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు, ముద్దుగా. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. కోచ్ మాత్రం నవ్వకుండా, దానికి కార్డు ఉందా అండీ అని అడిగాడు. లేదన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగాడు, కానీ నియమం నియమమే. ఎర్ర పెన్ను తీసుకుని ఆ రెండు రోజుల మీద వెయిటింగ్ అని రాశాడు.

కార్డు ఎందుకు లేదో ఆ రాత్రి కాదు, అక్కడ నిలబడి ఉండగానే గుర్తొచ్చింది. ఏడేళ్ళ కిందట మొదటిసారి ఒక ఆసుపత్రికి ఫోన్ చేసి తప్పొకటి పట్టుకున్నాను. అప్పటి మేనేజరు దగ్గరికెళ్ళి, దీన్ని కూడా పనుల జాబితాలో చేర్చండి అని అడిగాను. ఆయన పెద్దమనిషి. "ఫోన్ చేయడానికి కూడా జాబితానా అమ్మా? మీరే చూసుకోండి," అన్నాడు. నేను పొంగిపోయాను. మీరే చూసుకోండి అంటే నా మీద ఎంత నమ్మకమో అనుకున్నాను. అత్తగారి ఆపరేషన్ అప్పుడు మా ఆయనా అదే అన్నాడు, ఇల్లు మారినప్పుడూ అదే అన్నాడు, అప్పుడూ పొంగిపోయాను. నువ్వే చూసుకో అన్న మాటలో, నాకు చెప్పకు అన్నది కూడా ఉందని ఎవరూ విప్పి చెప్పలేదు. ఏడేళ్ళలో ఆ పద్నాలుగు చోట్లా ఎవరి ప్రింటరు పాతదో, ఎవరికి లేబుళ్ళ కాగితం రోల్ సన్నగా ఉంటుందో, ఏ మందుల గదిలో నాలుగు దాటితే ఎవరూ ఉండరో, అన్నీ నా తలలోనే పోగుపడ్డాయి. నా తల గోడ మీద లేదు.

రెండు రోజుల తర్వాత లీడ్ నన్ను అద్దాల గదిలోకి పిలిచాడు. ఆ గదిలోకి పిలిస్తే కుర్చీ ముందు మనకు వేసి తను తర్వాత కూర్చుంటాడు, మంచి కబురు కాదని అప్పుడే అర్థమైపోతుంది. వచ్చే రిలీజ్ నుంచి ఆ వెయిటింగ్ తీసేస్తున్నామని, కంప్యూటర్ టెస్టులు పచ్చగా ఉంటే, అంటే అన్నీ పాసైతే, వెంటనే పంపించేస్తామని చెప్పాడు. కనుక టెస్టింగ్‌కి విడిగా మనిషి అక్కర్లేదు. నాకు టీమ్ కోఆర్డినేషన్ ఇస్తున్నారట. మీటింగులకు గదులు చూడటం, ఎవరేమన్నారో రాసిపెట్టడం, గోడ మీద కార్డులు చక్కగా అంటించడం. మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది మేడమ్ అన్నాడు.

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోవడానికి ఏముంది? పని తగ్గుతుంది కదా." తర్వాత కాస్త గొంతు తగ్గించి, "ఆ సీటైతే ఇంక ఉండదు మేడమ్," అన్నాడు.

ఇంట్లో చెప్పాను. మా ఆయన మొహం విప్పారింది. ఐదింటికల్లా ఇంట్లో ఉండొచ్చని, అమ్మకు కూడా ఊరటగా ఉంటుందని, అన్నీ కలిసొచ్చాయని అన్నాడు. మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి, "అమ్మా, అసలు నువ్వు ఆఫీసులో ఏం చేస్తావు?" అని అడిగింది. దెప్పడానికి కాదు, నిజంగానే తెలియక. పదిహేడేళ్ళ పిల్ల, వాళ్ళ నాన్న గోడౌన్‌లో ఎన్ని లారీలు ఆగుతాయో చెప్పగలదు. నా పని గురించి నేను ఆ బల్ల దగ్గర ఏనాడూ వరసగా రెండు మాటలు చెప్పలేదు. చెప్పబోయేసరికి ఎవరికో మంచినీళ్ళు కావలసి వచ్చేవి.

అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ ఊరుకునే మనిషి కాదు. ఇప్పుడు అన్నిటికీ మిషన్లున్నాయి, మీకేం పనమ్మా అని వచ్చిన చుట్టాల ముందు నన్ను నవ్వుతూ ఎత్తిపొడుస్తుంది. రిలీజ్‌కి ముందురోజు సాయంత్రం నేను బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని ఒక తువ్వాలు అందుకుంది. కాసేపయ్యాక, "మీ మామగారు అంటూండేవారు," అంది. "నా పెళ్ళానికేం, హాయిగా కూర్చుంటుంది, ఇల్లు దానంతటదే నడిచిపోతుంది అని. నలుగురిలో అనేవారు, పొగడ్తలాగా. నేనూ నిజమే కాబోలనుకున్నాను." తువ్వాలు మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. "ఆయన పోయాక తెలిసింది, ఆయన ఉన్నప్పుడు ఎంత చేశానో. ఒక్కసారిగా ఖాళీ వచ్చిపడింది."

మర్నాడు రిలీజ్. అందులో ఏముందో నాకు తెలుసు, గోడ మీద కార్డులు నా ముత్యాల చేతిరాతతో నేనే తిరగరాశాను. వాటిలో ఒకటి, లేబుల్ కింద ఒక హెచ్చరిక వాక్యం అదనంగా వచ్చేలా చేయడం. రాత్రి పడుకునే ముందు రెండు మాత్రలకు మించకూడదు, వేసుకుని బండి నడపకూడదు, అలాంటివి. మంచి మార్పే. కానీ నది అవతల ఉన్న చిన్న ఆసుపత్రిలో లేబుల్ రోల్ సన్నది. చీటీ కూడా పొట్టి, దాని మీద ఐదు వరసలే పడతాయి. ఇప్పుడు ఆరో వరస వచ్చింది. పొద్దున మీటింగులో సన్న రోల్ మీద చూశారా అని అడిగితే, టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి మేడమ్, మీరు ఇంకా పాత సీట్లోనే ఉన్నారు అన్నాడు లీడ్.

మడతపెట్టిన బట్టల పక్కన ఫోన్ తీసి ఆ మందుల గది ఆవిడ నంబరు దాకా వెళ్ళాను. ఎప్పుడూ ఇంతే చేసేదాన్ని. మెట్ల దగ్గర నిలబడో, బస్సు కోసం చూస్తూనో ఫోన్ చేసేదాన్ని. తప్పు దొరికితే రాసిన కుర్రాడి చెవిలో మెల్లగా చెప్పేదాన్ని, అతను నాలుక్కరుచుకుని సరిచేసేవాడు, ఎవరి పరువూ పోయేది కాదు. ఇప్పుడూ అలా చేస్తే ఏమవుతుంది? రిలీజ్ సాఫీగా వెళ్తుంది. రెండు రోజులు తీసేసినా ఏ ఇబ్బందీ రాలేదని గోడ మీద గీత గీస్తారు. నేను అక్కర్లేదని అందరికంటే గట్టిగా రుజువుచేసింది నేనే అవుతాను, అదీ చాటుగా. మరి ఫోన్ చేయకపోతే? ఆ చీటీ వెళ్ళి ఎవరిదో ఒకరి మందుసీసాకు అంటుకుంటుంది. మా లీడ్‌కి బుద్ధి రావడానికి ఎవరో ముసలాయన తప్పు మందు మింగాలా? అలాంటి పంతం నాకొద్దు. చాలాసేపు ఆ నంబరు మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ చేయడమా మానడమా అన్నదే నా ముందున్న ప్రశ్న అనుకున్నంతసేపు జవాబు దొరకలేదు. ఎక్కడ నిలబడి చేయాలన్నది అసలు ప్రశ్న అని తట్టాక రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎప్పట్లాగే ట్రయల్ కాపీ ఆ మధ్యాహ్నమే ఆవిడకు పంపి ఉంచాను. పొద్దున పదీ పదికి ప్రింటర్ దగ్గర ఉంటారా అని ఆవిడకు మెసేజ్ పెట్టాను. ఉంటాను లేబుల్ మేడమ్ అని జవాబిచ్చింది.

పదింటికి రోజూ గోడ దగ్గర అందరం పావుగంట నిలబడతాం. తొమ్మిదిమంది మగవాళ్ళు, ఇద్దరు కొత్తమ్మాయిలు, నేను. కోచ్ వెనకాల గోడకానుకుని ఉన్నాడు. పదకొండింటికి రిలీజ్, మధ్యాహ్నం పెద్ద ఆసుపత్రివాళ్ళకు చూపించాలి అన్నాడు లీడ్. ఒక్కొక్కరూ తమ కార్డు గురించి చెప్పారు. నా వంతు వచ్చింది. ముందుకెళ్ళి ఫోన్ స్పీకర్‌లో పెట్టి గోడ పక్కనున్న బల్ల మీద ఉంచాను. నంబరు నొక్కుతుండగానే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. కట్ చేశాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కట్ చేశాను. ఎవరో కిసుక్కున నవ్వారు. మూడోసారి కూడా కట్ చేసి, నది అవతలికి ఫోన్ కలిపాను.

"చెప్పండి లేబుల్ మేడమ్, ప్రింటర్ ముందే ఉన్నా."

"నిన్న పంపిన ట్రయల్‌లో రెండు చీటీలు ఒకదాని వెనక ఒకటి తీయండమ్మా. మొదటిది నిద్ర మందు, రెండోది పిల్లల దగ్గు మందు. తీసి, ఉన్నది ఉన్నట్టు చదవండి."

ప్రింటర్ గరగర వినిపించింది. లీడ్ వాచీ చూసుకున్నాడు. ఆవిడ మొదటి చీటీ చదివింది, ఐదు వరసలు, అంతా బాగానే ఉంది. రెండోది చదవడం మొదలుపెట్టి ఆగింది.

"ఇదేంటి మేడమ్, పిల్లల మందు మీద మొదటి వరసలోనే, రాత్రి పడుకునే ముందు రెండు మాత్రలకు మించకూడదు, బండి నడపకూడదు అని వచ్చింది. కింద పిల్లాడి పేరుంది."

మొదటి చీటీలో పట్టని వరస జారి పక్క మనిషి చీటీ నెత్తిన పడింది. కంప్యూటర్ తెర మీద ఆరు వరసలూ వాటి చోట్లో అవి ఉన్నాయి, అందుకే టెస్టులు పచ్చగా ఉన్నాయి. చీటీ ఎంత పొడుగో కంప్యూటర్ని అడిగినవాళ్ళు లేరు.

మొదటివారం కోచ్ ఒక సంగతి చెప్పాడు. తప్పు కంటపడితే ఎవరైనా సరే పని మొత్తం ఆపొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, గోడ మీద ఎర్ర కార్డు పెడితే చాలు, కారణం తేలేదాకా అందరూ చేతిలో పని దించేయాలి. టీ ఇచ్చే ఆయన కూడా ఆపొచ్చా అని అప్పట్లో లీడ్ అడిగితే, చూసింది ఆయనైతే ఆయనే ఆపాలి అన్నాడు. ఆ కార్డు గోడ మూలన ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా వేలాడుతోంది. కవరు పళ్ళతో చింపాల్సి వచ్చింది. కార్డు తీసి రిలీజ్ అని రాసి ఉన్నచోట అంటించాను.

"మేడమ్, ఎవరినడిగి పెడుతున్నారు?" అన్నాడు లీడ్. గొంతులో మేడమ్ అన్న మాట ఒక్కటే మర్యాదగా ఉంది. "మధ్యాహ్నం డెమో ఉంది. ఒక్క చిన్న ఆసుపత్రి కోసం అన్నీ ఆపేస్తామా? మీకు కొత్త పోస్టు నచ్చలేదని నాకు తెలుసు, దానికి ఇది దారి కాదు."

"అడగక్కర్లేదన్నారు కదా," అన్నాను. "డెమో మీరు మాట్లాడుకోండి. ఇది మాత్రం ఇవాళ వెళ్ళదు."

లీడ్ కోచ్ వైపు చూశాడు. కోచ్ నా వైపు చూశాడు. సన్న రోల్ సంగతి మీకెలా తెలుసండీ అని అడిగాడు. చెప్పాను. ఏడేళ్ళనుంచి ఆ రెండు రోజులూ చేసేది ఇదేనని, పద్నాలుగు చోట్ల ఎవరి ప్రింటరు ఎలాంటిదో ఇలా అడిగే తెలుసుకున్నానని, ఆ రోజు చెప్పబోతే మంచితనం అన్నారని చెప్పాను. పనిచేసేచోటుకి వెళ్ళి కళ్ళతో చూడాలని మీరే నేర్పారు, నా బల్ల దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు అని కూడా అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. గోడ దగ్గరికెళ్ళి, తడిగుడ్డ తీసుకుని, వెయిటింగ్ అన్న మాట తుడవబోయాడు.

"తుడవకండి," అన్నాను. "పక్కన రాయండి. ఇన్నాళ్ళూ ఏమని ఉందో కూడా కనబడాలి."

పచ్చ పెన్ను నా చేతికిచ్చాడు.

సాయంత్రం నాలుగింటికి తప్పు సరిచేశారు. రిలీజ్ మర్నాడు వెళ్ళింది. ఆపిన రోజు సాయంత్రమే లీడ్ మళ్ళీ అద్దాల గదిలోకి పిలిచాడు, ఈసారి తనే ముందు కూర్చున్నాడు. కోఆర్డినేషన్ సంగతి మర్చిపోండి అన్నాడు. మీ విలువ నాకు తెలుసు అన్నాడు. అమ్మలాంటివారు అన్నాడు. నేను దాని వెనకాల వచ్చే పని కోసం చూస్తున్నాను.

"ఎప్పట్లాగే ఆ ఫోన్లు మీరే చూసుకోండి మేడమ్. మళ్ళీ కార్డులూ అవీ ఎందుకు, మన మధ్య."

నా ఒళ్ళో పద్నాలుగు కార్డులున్నాయి. పొద్దుటి నుంచి రాశాను, ఒక్కో ఆసుపత్రికి ఒకటి. ప్రింటరు ఏది, రోల్ ఎంత, ఎవరితో మాట్లాడాలి, ఏ వేళకు. పేరు రాయాల్సినచోట ఖాళీగా వదిలాను. అవి బల్ల మీద పెట్టాను.

"ఇవి గోడ మీదకి వెళ్తాయి," అన్నాను. "మనిషికి రెండుకు మించకూడదు కదా. నేను రెండు తీసుకుంటాను. మిగతా పన్నెండు మిగతావాళ్ళవి. మీకూ రెండు వస్తాయి."

"నాకా?" అన్నాడు.

"కుదరదంటే చెప్పండి. నేను వేరేచోట చూసుకుంటాను. నా తలలో ఉన్నదంతా నాతోనే వస్తుంది, ఎందుకంటే అది ఇక్కడెక్కడా రాసిలేదు. బెదిరించడం లేదు. కోచ్‌గారి భాషలో చెప్తున్నాను."

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయన, మూడుసార్లు కట్ చేశావేంటి, గీజరు మెకానిక్ నంబరు కోసం ఇల్లంతా వెతికాను అన్నాడు. దొరికిందా అన్నాను. అమ్మాయి వెతికిచ్చిందట. మరింకేం అన్నాను. ఏదైనా అర్జంటు అయ్యుంటే అన్నాడు. ఆ టైములో నేను అర్జంటు పనిలో ఉన్నాను అని, ఏం పనో చెప్పడం మొదలుపెట్టాను. సన్న రోల్ గురించి, ఆరో వరస గురించి, పిల్లాడి పేరు గురించి. మధ్యలో ఆయన మంచినీళ్ళు అన్నాడు. నేను చెప్పడం ఆపలేదు. మా అమ్మాయి ఫోన్ బోర్లా పెట్టింది. అత్తగారు గ్లాసు వైపు చూసింది కానీ లేవలేదు. చివరికి ఆయనే లేచి ఫ్రిజ్ తెరిచాడు. ఉద్యోగం పోగొట్టుకుంటావు నువ్వు అన్నాడు తలుపు వెనక నుంచి. పోతే ఇంకోటి చూసుకుంటాను, ఈ ఇంట్లో నాది పోదు కదా అన్నాను. దానికి ఎవరూ నవ్వలేదు.

లీడ్ మూడు రోజులు కార్డులు తన బల్ల సొరుగులో ఉంచుకున్నాడు. నాలుగో రోజు పొద్దున అవి గోడ మీద ఉన్నాయి. పైవాళ్ళు చెప్పారో, కోచ్ చెప్పాడో, పద్నాలుగు ఆసుపత్రులు తలుచుకుని తనకే భయమేసిందో నేను అడగలేదు. కొత్తమ్మాయిలిద్దరూ ముందుగా వచ్చి చెరో రెండు తీసుకున్నారు. వాళ్ళిద్దరినీ ఒక మధ్యాహ్నం పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను, ఆ నేర్పడానికి కూడా ఒక కార్డు రాయించాను. లీడ్‌ని కూడా రమ్మన్నాను. మీటింగ్ ఉందన్నాడు.

తర్వాతి నెల రిలీజ్‌కి ఇంకా రెండు రోజులున్నాయి. లీడ్ నా ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చుని, కార్డు చూసుకుంటూ నది అవతలికి ఫోన్ కలిపాడు. తన పేరు చెప్పాడు, హోదా చెప్పాడు. అవతల ఆవిడ గొంతు నాకు సన్నగా వినిపిస్తోంది. లేబుల్ మేడమ్ లేరా అని అడుగుతోంది. లేరని అనలేక, ఉన్నారు, ఇవాళ నేను చేస్తున్నాను అన్నాడు. రోల్ మార్చామని, కొత్తది పాతదానికంటే కాస్త పొడుగని, కానీ జిగురు బాగాలేదని, ఏ చీటీ ముందు తీయమంటారని ఆవిడ అడుగుతోంది. అతనికి ఏ చీటీ ముందు తీయాలో తెలియదు. నాకు తెలుసు. నిద్ర మందు ముందు, దాని వెనక పిల్లల మందు, తర్వాత ఇన్సులిన్. నా చెయ్యి దానంతటదే బల్ల మీంచి లేచింది. ఇన్నేళ్ళుగా అది అలాగే లేస్తోంది, గ్లాసు కోసం, చొక్కా కోసం, ఎవరి నోటికో అందని మాట కోసం. దాన్ని తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాను.

లీడ్ ఫోన్‌కి అరచెయ్యి అడ్డంపెట్టాడు. తెరిచిన బీరువా ముందు, ఏది ఎక్కడుందో తెలియక నిలబడ్డ మనిషిలా ఉన్నాడు.

"మేడమ్, ఒక్క నిమిషం మీరు మాట్లాడరా?"

"మాట్లాడను," అన్నాను. "తెలియదని చెప్పండి. ఆవిడ విసుక్కోదు, నేర్పుతుంది. నాకూ ఆవిడే నేర్పింది."